రానోని పోగు

కాక పోయాడు. ఈ కబురు నాకు ఒక శుక్రవారం పొద్దున, మస్కట్ పక్క అల్ మవాలేలో మా రూము కింది మలయాళీ దుకాణంలో ఉల్లిగడ్డలు ఏరుకుంటుండగా వచ్చింది. ఊరి నుంచి ఆయన కొడుకు ఫోను. "అన్నా, బాపు పోయిండే. పొద్దుగాల చాయ తాగిండు. జెరసేపు ఒరుగుత అని మంచం మీద ఒరిగిండు. గంతే, మల్ల లేవలే" అన్నాడు. నేనేమన్నానో నాకు గుర్తు లేదు. చేతిలో ఉన్న ఉల్లిగడ్డను మాత్రం తిరిగి గంపలో పెట్టేశాను. ఈరోజు శుక్రవారం కదా, మధ్యాహ్నం కాక ఫోను చేస్తాడు కదా, తన పోగు ఎవరు తిన్నారని అడిగితే ఏం చెప్పాలి? మొదట నాకు తట్టిన మాట అదీ. మనిషి పోయాడని చెవులతో విన్నా, బుర్ర కాసేపు పాత దారినే నడుస్తుంది.

పోగేమిటి, అది ఎవరు తినడమేమిటి అని మీరు అనుకుంటూ ఉంటారు. చెబుతాను. కాక గురించి చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, నాది కడప జిల్లా. ఒమాన్‌లోని సహం అనే ఊళ్లో కంపెనీ రూములో నా మంచం ఆయన మంచం పక్కన పడింది, అంతే బంధుత్వం. ఆయన మేస్త్రి, నేను స్టోర్ కీపర్ని. రూములో అందరూ కాక, అంటే బాబాయి, అని పిలిస్తే నేనూ కాక అన్నాను. తర్వాత కంపెనీకి అల్ మవాలేలో పని దొరికి అందరం ఇక్కడికి మారినప్పుడు, క్యాంపు బాసుతో పోట్లాడి మరీ మా మంచాలు పక్కపక్కన వేయించాడు. "వీడు రాత్రి గురక పెట్టడు సార్, గసుంటోడు మల్ల దొరకడు" అనేది ఆయన చెప్పిన కారణం. నేను గురక పెడతాను. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. కొత్త గోడ పూత ఆరాక మేస్త్రీలు వేలి కణుపుతో తట్టి చూస్తారు, లోపల డొల్ల ఉంటే చప్పుడులో తెలిసిపోతుంది. కాక గోడతో ఆపేవాడు కాదు. పుచ్చకాయను తట్టేవాడు, గ్యాసు బండను తట్టేవాడు, కొత్తగా వచ్చిన ఫోర్‌మన్ టేబులును తట్టేవాడు. నాకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టడానికి బదులు నెత్తి మీద రెండు సార్లు తట్టి, "పర్వాలే, లోపట ఉన్నదేదో ఉన్నది" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా అలా తడితే బాగుండునని ఉంది.

శుక్రవారం సెలవు. ఆ రోజు వంట కాకది. మాంసం ఉడికాక ఎవరికి వాళ్లు వడ్డించుకోవడం మా రూములో ఉండేది కాదు. కాక కంచాలన్నీ నేల మీద వరసగా పెట్టి, కూరను సమానంగా పోగులు వేసేవాడు. కార్జం ముక్క, బొక్క ముక్క, మెత్తని ముక్క అన్నీ అన్ని కంచాల్లో పడాలి. పోగులు వేయడం అయ్యాక, నిజామాబాదు సాయిలును గోడకు ముఖం పెట్టి నిలబడమనేవాడు. సాయిలు మా ఎలక్ట్రీషియన్. కాక గరిటెను ఒక కంచానికి ఆనించి, "ఇది ఎవరిది?" అని అడిగేవాడు. సాయిలు గోడను చూస్తూ నోటికొచ్చిన పేరు చెప్పేవాడు. ఆ కంచం వాళ్లది. మళ్లీ గరిటె ఇంకో కంచానికి. "ఇది ఎవరిది?" ఇలా చివరి కంచం దాకా.

నేను చేరిన మొదటి శుక్రవారమే విసుక్కున్నాను. "ఏంది కాకా ఇది, ముగ్గురు నలుగురం తినేదానికి ఇంత తతంగమా? మా పక్క గరిటెతో వేసుకోని తింటాం" అన్నాను.

"మీ పక్క గరిటె ఎవరి చేతుల ఉంటే వానికి మంచి ముక్కలు పోతయ్. ముఖం చూస్తే పోగు వంకర పోతది బిడ్డా. గందుకే మా దిక్కు వీపు తిప్పుతం" అన్నాడు.

వాళ్ల ఊళ్లో ఇది పాత పద్ధతి. ఆయన చిన్నప్పుడు ఊరివాళ్లు అడవికి పోయి కుందేళ్లో, పూరేడు పిట్టలో, అదృష్టం బాగుంటే అడవి పందో పట్టుకొచ్చేవారట. ఆకులు పరిచి ఇంటికొక పోగు వేసి, ఒకణ్ణి వీపు తిప్పి నిలబెట్టి, పేర్లు పిలిపించేవారట. తర్వాత చట్టాలు వచ్చి వేటలు ఆగిపోయాయి. పోగులు మాత్రం ఆగలేదు. పండగకు వాడవాళ్లంతా కలిసి యాటను, అంటే మేకనో గొర్రెనో, కోస్తే ఇప్పటికీ అలాగే పంచుకుంటారని చెప్పేవాడు.

అందులో ఒక నియమం ఉంది. వేటకు వచ్చినవాళ్లకే కాదు, రానివాళ్లకూ పోగు పెట్టాలి. జ్వరంతో ఇంట్లో పడుకున్నవాడికి, చుట్టాల ఊరికి పోయినవాడికి, అందరికీ. "రానోని పోగు ముందుగల్ల తియ్యాలె. వచ్చినోడు ఎట్లన్న తింటడు" అనేవాడు. మా రూములో ఎవడైనా డ్యూటీలో ఉంటే వాడి కంచం ముందు పడేది. సెలవు మీద ఇండియా పోయినా సరే, వాడి పేరు పిలవాల్సిందే. మరి ఆ కూర ఏం చేయాలంటే, పడేయకూడదు, పంచుకోకూడదు. అప్పటికి అన్నం తినని మనిషి ఎవరైనా కనబడితే వాళ్లకు పెట్టాలి. నేను సెలవుకు కడప పోయి వచ్చినప్పుడల్లా కాక నాకు చెప్పిన మొదటి కబురు, నా పోగు పక్క రూము బంగ్లాదేశీ ఆయన తిన్నాడనో, నీళ్ల ట్యాంకరు డ్రైవరు తిన్నాడనో. నవ్వుకునేవాణ్ణి. కానీ దేశం కాని దేశంలో ఒక గదిలో, నేను లేని రోజున కూడా నా పేరు ఎవరో పిలిచారన్న మాట ఎంత ధైర్యమిస్తుందో, అది విన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇక ఆ హోటలు సంగతి. మా కంపెనీ బస్సు సైటుకు పోయే దారిలో ఒక పెద్ద బోర్డు ఉండేది. మస్కట్‌లోని ఏదో పెద్ద హోటలులో ఉన్న బీరు రెస్టారెంటుది. బోర్డు మీద కొమ్ముల జింక తల, నురగ పొంగే గ్లాసు, కర్రపలక మీద కాల్చిన పిట్టలు. కాక రోజూ కిటికీ పక్క సీటు పట్టుకుని ఆ బోర్డు కోసం చూసేవాడు.

"అది పూరేడే" అనేవాడు.

"కోడిపిల్ల కాకా" అనేవాడు సాయిలు.

"నీ మొకం. కాలు సూడు, కాలు!"

గంటకు వంద కిలోమీటర్ల మీద పోయే బస్సులోంచి బొమ్మలోని పిట్ట కాలు ఎవరికి కనబడుతుంది? అయినా ఏడాది పొడుగునా ఈ వాదన నడిచింది.

కాక వీసా క్యాన్సిల్ చేసుకుని శాశ్వతంగా ఇంటికి పోయే రోజు వచ్చింది. మా రూములో ఒక ఆనవాయితీ, ఇంటికి పోయేవాడు ఎక్కడ అడిగితే అక్కడ తినిపించడం. అందరూ ఏ హైదరాబాదీ బిర్యానీయో అడిగేవారు. కాక మాత్రం, "నాకు ఆ బోర్డు హోటల్ సూపెట్టుండ్రి. పూరేడో, కోడిపిల్లనో తేలిపోవాలె" అన్నాడు.

మూడు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ముగ్గురం టాక్సీలో బయల్దేరాం. లోపలికి అడుగు పెట్టగానే సాయిలు గొంతు తగ్గిపోయింది, నాదీ తగ్గింది. దీపాలు తక్కువ, చల్లదనం ఎక్కువ. గోడ మీద కొమ్ములు. ఒక మూల మెరిసిపోయే పెద్ద పెద్ద రాగి పీపాలు, బీరు అక్కడే తయారవుతోందేమో అనిపించేలా. కాక నేరుగా వాటి దగ్గరికి నడిచి వేలి కణుపుతో టంగుమని తట్టాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

"డొల్ల! ఏం లేదు లోపట. సోకుకు పెట్టిండ్రు" అని గట్టిగా ప్రకటించి వచ్చి కూర్చున్నాడు.

నేపాలీ వెయిటరు నవ్వు ఆపుకుంటూ, అవి అలంకారానికేనని, బీరు బయటి దేశం నుంచి వస్తుందని ఒప్పుకున్నాడు. కాక ఒక గ్లాసు తెప్పించుకుని ఒక గుక్క తాగి, కల్లుకు చెల్లెలు వరస అవుతుందని తీర్పు చెప్పాడు. తర్వాత, "అడవి పంది ఉన్నదా అడుగురా" అన్నాడు. పక్క టేబుల్లో ఒమానీ పెద్దమనిషి కుటుంబంతో కూర్చుని ఉన్నాడు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. "మెల్లగ కాకా, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు సాయిలు.

మేం ఆర్డరిచ్చింది అక్కడ పేరుమోసిన వంటకం. పొడుగాటి కర్రపలక వచ్చింది. ఒక చివర జింక మాంసం, మధ్యలో కుందేలు, ఇంకో చివర కాల్చిన పిట్టలు. ఒక్కోదానికి ఒక్కో చిన్న జెండా, దాని మీద పేరు. పక్కన ఎర్రటిదీ నల్లటిదీ ఏవో పులుసులు గిన్నెల్లో. కాక ముందుగా ఒక పిట్టను పైకెత్తి, దీపానికి అడ్డం పెట్టి, కాలు పరీక్షించాడు.

"పూరేడు!" అన్నాడు. ఆ ముఖం చూడాలి మీరు. సాయిలు చేతులు జోడించి ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఆ హోటలు చరిత్రలో ఎవరూ చేసి ఉండరు. జెండాలన్నీ పీకి పక్కన పెట్టాడు. పిట్టలను చేత్తో విరిచాడు. జింకను, కుందేలును ముక్కలు చేసి, అన్నీ కలిపి ఆ పలక మీదే పోగులు వేయడం మొదలుపెట్టాడు. వంటవాడు ఎంతో ముచ్చటగా విడివిడిగా పేర్చింది ఒక్క నిమిషంలో ఏది ఏదో తెలియకుండా పోయింది. వెయిటరు పరుగెత్తుకొచ్చాడు. "చాచా, ఏ క్యా కర్ రహే హో?"

"హిస్సా, భాయ్, హిస్సా" అన్నాడు కాక తల ఎత్తకుండా. పంపకం అని. ఆ వెయిటరు వద్దనలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

సాయిలు సిగ్గుతో చచ్చిపోతూ లేచి, కొమ్ములున్న గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. కాక ఫోర్కును ఒక పోగుకు ఆనించాడు. "ఇది ఎవరిది?" నా పేరు వచ్చింది. "ఇది ఎవరిది?" "నాది" అన్నాడు సాయిలు. "ఇది ఎవరిది?" "నీది కాకా." సాయిలు వెనక్కి తిరగబోయాడు. "ఆగు, ఇంకోటున్నది. ఇది ఎవరిది?" అన్నాడు కాక.

చూస్తే నిజంగానే నాలుగో పోగు ఉంది. మేం ముగ్గురమే. రూములో అప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు కూడా ఎవరూ లేరు. "ఎవరిది కాకా అది?" అన్నాను.

"నాదే. రేపటి సంది నేను రానోన్ని గద" అన్నాడు.

సాయిలు గోడ వైపే ఉండిపోయాడు. కాక పూరేడు కాలు ఒకటి నములుతూ, మామూలుగా ఏ సిమెంటు గురించో చెబుతున్నట్టు చెప్పాడు. "నేను మొదలు ఈడికి వచ్చినప్పుడు ఊర్ల పోగులు పడితే మా అవ్వ నా పేరు పిలిపిస్తుండె. నా పోగు తెచ్చి తినని ముసలోళ్లకు పెడుతుండె. ఫోన్ల చెప్తుండె నాకు. అవ్వ పోయినంక నా పేరు పిలుస్తున్నరో, లేదో."

"అడక్కపోయినావా కాకా?" అన్నాను.

"అడిగితే లేదంటరేమో అని అడగలే."

ఇరవై ఏళ్లు దాటి ఆ మనిషి ఈ దేశంలో గోడలు కట్టాడు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ ఇక్కడి నుంచే నడిపాడు. ఆయనకు మిగిలిన భయం ఇదొక్కటి. తను లేని ఊళ్లో తన పేరు ఇంకా ఉందా, పోయిందా? ఆ భయాన్ని సంచిలో పెట్టుకుని మర్నాడు విమానం ఎక్కబోతున్నాడు. "పిలుస్తాంటారులే కాకా" అన్నాను.

ఆయన నాలుగో పోగును వెయిటరుతో డబ్బాలో కట్టించాడు. బయట టాక్సీల వరసలో ఒక ముసలి ఒమానీ డ్రైవరు దొరికాడు. తిన్నావా అని సైగ చేస్తే లేదన్నాడు. డబ్బా ఇస్తే, హలాలా అని అడిగాడు. అవునన్నాక మూత తీసి చూసి, "సమ్మాన్!" అని పొంగిపోయాడు. పూరేడును వాళ్లు అలా అంటారట. "సూసినవా, వీనికి గూడ ఎర్కయింది" అన్నాడు కాక సాయిలును మోచేత్తో పొడిచి.

కాక ఇంటికి పోయాక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేసేవాడు. బాగున్నావా అని కూడా అడిగేవాడు కాదు. "నా పోగు ఎవలు తిన్నరు?" అదే మొదటి ప్రశ్న. మేం ఎవరో ఒకరి పేరు చెప్పేవాళ్లం. చాకలి దుకాణం ఆయన. నిజ్వా నుంచి ఎవరినో చూడటానికి వచ్చి బస్సు తప్పిన టీచరు. "మంచిదాయె" అనేవాడు. ఒక్క వారం కూడా మేం ఆయన పోగు మానలేదు. ఆ విషయంలో మేం చాలా నిజాయితీగా ఉన్నామని ఇక్కడ గర్వంగానే చెప్పుకుంటున్నాను.

ఆయన ఇంటికి వెళ్లాక వచ్చిన మొదటి దసరా మర్నాడు శుక్రవారం కాకపోయినా ఫోను వచ్చింది. "వాడల యాటను కోసిండ్రు. నేను పక్కకు ఒక రాయి మీద కూసున్న" అన్నాడు. తర్వాత, "అందరి పేర్లు పిలిచిండ్రు. మా పిలగాని పేరు పిలిచిండ్రు" అన్నాడు. నేను ఆయన పేరు గురించి అడగలేదు. ఆయనే, "మంచిదే గద, కొడుకు పేరు పిలిచిండ్రు" అని ఫోను పెట్టేశాడు. ఆ ఊరి మీద కోపం వచ్చింది నాకు. నేనెన్నడూ చూడని ఊరు.

కాక పోయి కర్మలు అయ్యాక, ఆయన కొడుకు మళ్లీ ఫోను చేశాడు. పాపం, మాట్లాడటానికి ఎవరైనా కావలసి వచ్చినట్టుంది. "మొన్న ఆయితారం వాడల పోగులు పడ్డయన్నా. వీపు తిప్పి నిలవడ్డది నేనే. పేర్లు చెప్పుకుంట పోతున్న. మా ఇంటి వంతు వచ్చేసరికి నా పేరు చెప్పాలె గద, నోట్లకెళ్లి బాపు పేరు వచ్చింది. ఎన్కకు మల్లి సూస్తే అందరు తలకాయలు దించుకున్నరు."

నేను ఆపుకోలేకపోయాను. "మరి దసరాకు ఆయన పక్కనే కూచోనుంటే, ఎందుకు పిలవలేదబ్బా ఆయన పేరు?" అన్నాను.

"అగో! నా పేరు మీద పడేది బాపు పోగే గదనే" అన్నాడు ఆశ్చర్యంగా. "నాయినమ్మ పోయినంక పెద్దమనుషులు అన్నరు, పిలగాని పేరు పిలువుండ్రి, తండ్రిది పట్టుకపోతడు అని. చిన్నప్పటి సంది 'మీ బాపుదిరా, పట్టుకపో' అనే నా చేతుల పెడుతుండ్రి. ఎన్నడు తప్పలే. గా ముచ్చట బాపుకు ఎర్కనే ఉండె గదా?"

నేను మంచం మీద కూర్చున్నాను. కాక పాత మంచం అది. అన్నేళ్లూ ఆ ఊరు ఆయన పోగు తీస్తూనే ఉంది. ఆయన అడగలేదు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఆయనకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఫోనులో ఎన్నెన్ని మాట్లాడుకుని ఉంటారు, ఈ ఒక్క మాట తప్ప.

"ఎరుకే నాయనా. ఆయనకు బాగా ఎరుకే" అన్నాను. అబద్ధం చెప్పినందుకు నాకేమీ అనిపించలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం సాయిలూ నేనూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఆ హోటలుకే వెళ్లాం. రాగి పీపా పక్కగా నడుస్తూ సాయిలు దాన్ని ఒకసారి తట్టాడు. కర్రపలక వచ్చింది. జెండాలు నేను పీకి, మూడు పోగులు వేశాను. సాయిలు చెప్పకుండానే లేచి గోడ వైపు తిరిగాడు. రానోని పేరు ముందు పిలవాలి కదా, ఒక పోగుకు ఫోర్కు ఆనించి, "ఇది ఎవరిది?" అన్నాను. చుట్టుపక్కల వాళ్లు చూస్తున్నారు. సాయిలు వీపు కదులుతోంది. నేను ఫోర్కు తీయలేదు. చాలాసేపటికి, "కాకది" అన్నాడు.

డబ్బా కట్టించుకుని బయటికి వచ్చాం. టాక్సీల వరసలో ఆ ముసలి డ్రైవరు లేడు. ఇంకొకాయన, వయసులో చిన్నవాడు, కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తినలేదన్నాడు. డబ్బా చేతికిస్తే వేడిగా ఉండటం చూసి అనుమానంగా మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏ కిస్‌కా హై?" అన్నాడు. ఇది ఎవరిది?

"కాకా కా" అన్నాను.

"కాకా కహా హై?" కాక ఎక్కడున్నాడని.

సాయిలు నన్ను చూశాడు. నేను హోటలు తలుపు వైపు ఒకసారి చూసి, "నహీ ఆయా" అన్నాను. రాలేదు.

అతను సరేనని తల ఊపి, కారు తలుపు తెరిచి కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తీశాడు.